వస్తువునకు వైభవ మెక్కడిది?

శ్రీమద్భాగవతము దశమస్కంధమున శ్యమంతకోపాఖ్యానము ప్రసిద్ధము. సూర్యభగవానుని వలన మణిని పొందిన సత్రాజిత్తు దానిని కంఠమున ధరించి ద్వారకా నగరమును ప్రవేశించెను. ఆ కాంతికి కన్నులు మిరుమిట్లు గొన్న పురజనులు అతనిని గుర్తింపలేకపోయిరి. సాక్షాత్తు సూర్యుడే స్వామి దర్శనార్థము వచ్చుచున్నాడని తలచి, పాచికలాడుచున్న శ్రీకృష్ణుని కడకు పరుగిడి విన్నవించిరి. స్వామి నవ్వి, వచ్చువాడు సూర్యుడు కాడనియు, మణిచే వెలుగుచున్న సత్రాజిత్తే యనియు తెలిపెను.

ఆ నవ్వును గూర్చి ఆలోచింపవలసినది ఎంతయో కలదు. ద్వారకావాసులు మూఢులు కారు. నిన్నటివరకు అదే వీథిలో సత్రాజిత్తును చూచినవారే, పలుకరించినవారే. అతని మెడలోనికి ఒక వస్తువు వచ్చి చేరగనే మనుష్యుడు మరుగుపడి దేవుడు కన్పట్టెను. కాంతి మణిది, నమస్కారము సత్రాజిత్తునకు. ఒకదాని గుణము మరియొకదానికి ఎట్లు సంక్రమించినది? అసలు వస్తువునకు వైభవ మెక్కడ నుండి వచ్చుచున్నది? అది వస్తువునందే యున్నదా, లేక చూచువాని కంటియందున్నదా?

నేటి బజారులలో ఈ ప్రశ్న ప్రతిదినము ఎదురగుచున్నది. ఒకే పరిమాణము గల రెండు చేతిసంచులు ఒకే వీథిలో అమ్మబడుచుండును. రెండును తోలుతో చేసినవే, రెండును బరువు మోయునవే. ఒకదాని వెల కొన్ని వందల రూపాయలు. రెండవదాని వెల కొన్ని లక్షలు. రెండవదానిపై ఒక సంస్థ పేరో, రెండక్షరముల గుర్తో యుండును. ఈ వ్యాపారముద్రనే లోకము ‘బ్రాండు’ అని వ్యవహరించుచున్నది. ముద్రలన్నింటికిని ఒకే గౌరవము లేదు. సబ్బునకు ముద్ర కలదు, ఉప్పునకు ముద్ర కలదు. వానిని ఎవ్వరును వైభవచిహ్నములుగ నెంచరు. కొన్ని ముద్రలకు మాత్రమే ‘లగ్జరీ’ అను హోదా లభించినది. దానికి కారణమేమి యను విచారము వర్తకులకే గాక గృహస్థులకును అవసరము. ఏలయన ఇంటి యజమాని జీతములో కొంత భాగము, కుమార్తె వివాహమునకై తెచ్చిన అప్పులో కొంత భాగము, కళాశాలకు పోవు బాలుని మనస్తాపములో కొంత భాగము నేడు ఈ ముద్రల చుట్టును తిరుగుచున్నవి.

శాస్త్రపద్ధతి ననుసరించి మొదట పూర్వపక్షములను పరిశీలింపవలెను.

వస్తువు యొక్క పనితనమే దాని వైభవమునకు కారణమని కొందరందురు. ఈ వాదమున సత్యము లేకపోలేదు. నేడు మిక్కిలి ఖరీదైన సంచులకు పేరుపొందిన హెర్మెస్ సంస్థ 1837వ సంవత్సరమున పారిస్ నగరమున గుఱ్ఱపు జీనులు, పట్టెడలు కుట్టు కర్మశాలగా నారంభమైనది. గుఱ్ఱము పరుగెత్తునప్పుడు కుట్టు ఊడినచో రౌతు ప్రాణమునకే ముప్పు. అందుచే ఒకే దారమునకు రెండు కొనలయందును సూదులు కట్టి, ప్రతి రంధ్రమునందును రెండు వైపులనుండి కుట్టు విధానము ఏర్పడినది. ఒక కుట్టు తెగినను పక్కది నిలుచును. అట్లే లూయీ విటాన్ అను పెట్టెల పనివాడు 1854లో పారిస్‌లో దుకాణము తెరచి, కొలది కాలమునకే పైభాగము సమతలముగా నుండు ప్రయాణపు పెట్టెలను తయారుచేసెను. అంతకుముందు పెట్టెల మూతలు గుండ్రముగా నుండెడివి. రైళ్ళలోను ఓడలలోను ఒకదానిపై నొకటి పేర్చుటకు సమతలమైన పెట్టె అనుకూలించినది. ఈ రెండు ముద్రలకును మొదట లభించిన కీర్తి పనివాని చేతినుండి వచ్చినదే.

అయినను పనితనమే కారణమన్నచో గడియారముల విషయమున ఆ వాదము నిలువదు. జపాను దేశపు సీకో సంస్థ 1969 డిసెంబరు 25న స్ఫటికము యొక్క కంపనముచే నడచు క్వార్ట్జ్ చేతిగడియారమును మొట్టమొదట విక్రయించినది. దాని వెల 4,50,000 యెన్నులు. ఆ దినములలో ఒక చిన్న కారు వెలకు దాదాపు సమానము. అది నెలకు అయిదు సెకండ్లకు మించి తప్పదు. మరి స్విట్జర్లాండు దేశమున శ్రేష్ఠమని ధ్రువపత్రము పొందిన మరగడియారము దినమునకే నాలుగు, ఆరు సెకండ్లు తేడా చూపవచ్చును. క్రమముగా స్ఫటికపు గడియారములు చౌకయై సామాన్యుల చేతులకు వచ్చినవి. స్విస్ గడియారముల పరిశ్రమలో 1970 ప్రాంతమున సుమారు 90,000 మంది పనివారుండగా, 1980-90 దశాబ్దపు మధ్యభాగమునకు ఆ సంఖ్య 30,000 చేరువకు పడిపోయినది. కాలమును సరిగా చూపుటయే గడియారమునకు వైభవమైనచో మరగడియారముల కథ అక్కడితో ముగియవలెను. జరిగినది వేరు. సరిగా కాలము చూపు గడియారము వందల రూపాయలకు దొరకుచుండగా, అంతకంటె తక్కువ సరిగా నడచు గడియారము లక్షల వెల పలుకు వైభవవస్తువైనది. అందరి చేతను లేకపోవుటయే దానికి కొత్త గుణమైనది.

రెండవ పూర్వపక్షము వస్తువు యొక్క దుర్లభత్వమును గూర్చినది. అరుదైనది విలువైనదగునని వీరి మతము. అల్యూమినియము చరిత్ర దీనికి చక్కని ఉదాహరణము. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున ఆ లోహమును మట్టినుండి వేరుచేయుట మిక్కిలి కష్టసాధ్యము. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియను విందులలో ముఖ్యమైన అతిథులకు అల్యూమినియపు చెంచాలను పెట్టించి, తక్కినవారికి వెండి బంగారముల వానితో సరిపుచ్చెనని చెప్పుదురు. అమెరికాలోని వాషింగ్టన్ స్మారకస్తంభమునకు 1884లో శిఖరముగా నిలిపినది మూడు కిలోగ్రాములకు కొంచెము తక్కువ తూగు అల్యూమినియపు ముక్కయే. రెండేండ్లకు, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ అను ఇరువురు యువకులు విద్యుత్తుతో ఆ లోహమును సులభముగా తీయు ఉపాయమును వేర్వేరుగా కనుగొనిరి. నేడు అది పేదవాని వంటింటిలోని గిన్నె. లోహమునందు ఒక్క గుణమైనను మారలేదు. మారినది దాని లభ్యత మాత్రమే.

దుర్లభత్వము స్వాభావికమైనచో దానిని దైవాధీనమని యూరకుండవచ్చును. కాని వైభవముద్రల విషయమున అది పెక్కుమారులు బుద్ధిపూర్వకముగా కల్పింపబడునది. ఇంగ్లండులోని బర్బెరీ సంస్థ ఒక్క సంవత్సరమున 2 కోట్ల 86 లక్షల పౌనుల విలువగల తన వస్తువులను తానే నాశనము చేసినట్లు 2018లో వెల్లడియైనది. మిగిలిపోయిన దుస్తులు, సుగంధద్రవ్యములు తక్కువ వెలకు అమ్ముడుపోయినచో ముద్ర గౌరవము తగ్గునని భయము. లోకమున నిరసన చెలరేగగా అదే సంవత్సరము సెప్టెంబరులో ఆ పద్ధతిని విడిచిపెట్టుచున్నట్లు సంస్థ ప్రకటించినది. ఫ్రాన్సు దేశము 2020లో చట్టము చేసి, అమ్ముడుపోని వస్తువులను ఇట్లు ధ్వంసము చేయుటను నిషేధించినది. పాడుకాని వస్త్రమును, చలికి వణకు వానికి ఈయక, అగ్నికి ఆహుతి చేయుటలో ఏ పనితనము కలదు? ఏ సౌందర్యము కలదు? ఇక్కడ అమ్ముడగుచున్నది వస్త్రము కాదనియు, ఆ వస్త్రము ఇతరులకు లభింపకుండుట యనియు ఈ ఒక్క సంఘటన వలన స్పష్టమగును.

మూడవ పూర్వపక్షము నామమును, చరిత్రను ఆశ్రయించినది. లూయీ విటాన్ మరణించిన పిమ్మట అతని కుమారుడు జార్జి 1896లో తండ్రి పేరులోని రెండు పొడి అక్షరములను పువ్వులతో కలిపి ఒక నమూనా కల్పించెను. నకిలీ పెట్టెలు చేయువారిని అరికట్టుటయే దాని ప్రయోజనము. అనగా ముద్ర మొదట సాక్షి. ఈ వస్తువు ఫలానావాని చేతిపని యని పలుకు సాక్షి. కాలక్రమమున జనులు వస్తువును విడచి సాక్షినే కొనసాగిరి. ముద్ర కనబడని పెట్టె ఎంత మంచిదైనను వారికి పనికిరాదు.

ఇట్టి స్థితిలో పేరు ఒక్కటియే మార్చి చూచినచో నేమగునో 2018లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతమున ఒక పరీక్ష జరిగినది. చౌక పాదరక్షలు అమ్ము పేలెస్ అను సంస్థ, ‘పలెస్సీ’ యని ఇటలీ భాషను తలపించు ఒక పేరు పెట్టి, అద్దాలతోను శిల్పములతోను అలంకరించిన కొట్టు తెరచి, వేషభాషలలో నలుగురికి మార్గదర్శకులని పేరుపడినవారిని ఆహ్వానించినది. ఇరువది నుండి నలువది డాలర్లకు నిత్యము అమ్ముడుపోవు చెప్పులకే వారు వందల డాలర్లిచ్చిరి. ఒకరు 640 డాలర్ల వరకు చెల్లించిరి. తోలును, కుట్టును మెచ్చుకొనిరి. తరువాత నిజము తెలిపి, సొమ్ము తిరిగి ఇచ్చివేసిరి. పేరు కంటికి ముందు నడచినచో కన్ను పేరు చెప్పినదే చూచును.

అమెరికా ఆర్థికశాస్త్రవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ప్రకటించిన గ్రంథమున ఈ మనస్తత్త్వమును శోధించెను. చేతితో చేసిన వెండి చెంచా యొకటి, యంత్రముపై చేసిన అల్యూమినియపు చెంచా యొకటి ఆయన ఉదాహరణములు. మొదటిదాని వెల పది ఇరువది డాలర్లు, రెండవదాని వెల పది ఇరువది సెంట్లు. నోటికి అన్నము అందించుటలో రెండును సమానములే. అయినను ఖర్చు చేయగల శక్తిని నలుగురికి చూపుటకు మొదటిది సాధనము. చక్రవర్తి విందులో అగ్రస్థానము పొందినదన్న అల్యూమినియము, నలువది యేండ్లు గడచుసరికి ఈ గ్రంథమున నీచలోహమునకు ఉదాహరణముగా దిగినది!

అట్లయినచో వైభవముద్ర యంతయు మిథ్యయేనా? చూచువారందరును మోసపోయినవారేనా? ఇట్లు తేల్చివేయుట సులభమే గాని న్యాయము కాదు. ఇక్కడ విశిష్టాద్వైత సిద్ధాంతము ఒక మంచి త్రోవ చూపుచున్నది. ముత్యపుచిప్పను చూచి వెండి యని భ్రమించుట వేదాంతమున ప్రసిద్ధ దృష్టాంతము. అక్కడ కన్పట్టిన వెండి ఎక్కడిది యను విషయమున దార్శనికులకు భేదము కలదు. భగవద్రామానుజులు శ్రీభాష్యమున దీనిని విచారించి, జ్ఞానమంతయు యథార్థవిషయకమే యని నిరూపించిరి. భూతములు పరస్పరము కలసియే వస్తువులేర్పడుచున్నవి గనుక, చిప్పయందును వెండి యంశము కొంచెము కలదు. కనుకనే అది వెండివలె మెరయును. దోషవశమున కన్ను ఆ స్వల్పాంశమును మాత్రమే గ్రహించి, అధికముగా నున్న చిప్ప యంశమును విడిచినది. చూచినది ఉన్నదే; చూడక విడచినది దానికంటె ఎక్కువ. ఆ చిప్పతో కడియము చేయింపబోయిన నాడు భ్రమ తొలగును.

వైభవముద్రయందును వెండి యంశము కలదు. జీను కుట్టిన చేతి నేర్పు, సమతలపు పెట్టెను కల్పించిన బుద్ధి, తరతరములుగా నిలుపుకొనిన నమ్మకము సత్యములే. వానికి తగిన వెల నిచ్చుట ధర్మము. అయితే లక్షల వెలలో ఈ యంశము కొంచెమే. మిగిలిన అధికాంశము ‘ఇది నీకు కలదు, వానికి లేదు’ అను భావము. కొనువాడు వెండిని చూచితినని తలచును. వెల యిచ్చునది చిప్పకు. ఆ సంచిని చేతబట్టి వీథిలో నడచునపుడు తనకు కలుగు సుఖములో ఎదుటివాని లేమికి ఎంత భాగము కలదో అతడు విచారింపడు. విచారించినచో సిగ్గుపడును.

దీనికొక పరీక్ష కలదు. అందరికిని లభించిన నాడు కూడ నిలుచు విలువ వస్తువునందలి విలువ. అందరికిని లభించిన మరుక్షణమే అదృశ్యమగు విలువ పరుల లేమినుండి పుట్టినది.

ఈ పరీక్షకు తిరుమల లడ్డూప్రసాదము గొప్ప ఉదాహరణముగా నిలుచును. వర్తకశాస్త్రజ్ఞులు వైభవముద్రకు చెప్పు లక్షణములలో పెక్కు దానికి కలవు. పుట్టుక ఒకే చోట. సంప్రదాయము ప్రాచీనము. దానికై జనులు దూరదేశములనుండి వచ్చి బారులు తీరి నిలుతురు. నకిలీలను అరికట్టుటకై 2009లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ పేరుతో మరియొకరు లడ్డూ అమ్మరాదు. ఇన్ని లక్షణములున్నను దానిని ఎవ్వరైనను విలాసవస్తు వందురా? అనరు. కారణము స్పష్టము. కొండ దిగి ఇల్లు చేరిన యాత్రికుడు మొదట చేయు పని దానిని చిదిపి ఇరుగుపొరుగులకు పంచుట. ఎదుటి యింటివారికి చిటికెడు అందకపోయినచో ఇంటి యిల్లాలు నొచ్చుకొనును. తాను తినినదానికంటె పంచినదానివలన ఆమెకు తృప్తి. పంచినకొలది విలువ పెరుగునది ప్రసాదము. పంచినచో విలువ నశించునది విలాసముద్ర.

ఇక్కడ బుద్ధిమంతుడైన పాఠకుడు ఒక ఆక్షేపము చేయవచ్చును. వైభవము దోషమైనచో దేవాలయములందలి స్వర్ణకిరీటములు, రత్నహారములు ఏల? శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడుమారులు తిరుమలకు వచ్చి అమూల్యాభరణములు సమర్పింపలేదా? ఇది త్రోసివేయదగిన ఆక్షేపము కాదు.

సమాధానము శేషశేషి భావమునందున్నది. ఏ వస్తువు మరియొకరి అతిశయమునకై మాత్రమే యున్నదో అది శేషము. ఎవని అతిశయమునకై యున్నదో అతడు శేషి. ఆభరణము శేషము, ధరించువాడు శేషి. స్వామి యెడ ఈ క్రమము చెడదు. కిరీటము వలన స్వామికి గొప్పతనము రాలేదు. స్వామి ధరించుటచే కిరీటము ధన్యమైనది. అంతేకాక ఆ శోభ నలుగురిని వెలిపెట్టుటకు ఏర్పడినది కాదు. వరుసలో నిలిచిన కూలివానికిని కోటీశ్వరునకును అదే దర్శనము. ఇంతటి కానుకలిచ్చిన రాయల విగ్రహము నేటికిని ఆ యాలయమున దేవేరు లిరువురితో గూడి చేతులు జోడించి నిలిచియున్నది. ఇచ్చితినను గర్వమునకు అక్కడ తావు లేదు.

ఈ క్రమము తెలియని దాతకు కూడ స్వామి బోధ చేసెనని స్థలపురాణము చెప్పుచున్నది. తొండమాన్ చక్రవర్తి బంగారు పుష్పములతో పూజ సలుపుచుండెను. ఒకనాడు తన బంగారు పువ్వులతోపాటు మట్టి పువ్వులు స్వామి సన్నిధిని కన్పట్టెను. అవి భీముడను కుమ్మరి తన యింట కొలుచు మూర్తికి, పని నడుమ చేతికంటిన మట్టితోనే చేసి సమర్పించినవని స్వామి తెలిపెను. నేటికిని తిరుమలలో పగిలిన మట్టికుండలో పెట్టిన దధ్యోదనము కులశేఖరపు గడప దాటి నివేదింపబడుట సంప్రదాయము. బంగారు పాత్రలు కొదువలేని చోట ఓటికుండకు లభించిన ఈ స్థానము వైభవవిచారమున చివరి మాట.

విలాసముద్రల లోకమున శేషశేషి క్రమము తలక్రిందులగును. సంచిపై పెద్ద అక్షరములతో నుండునది మోయువాని పేరు కాదు, అమ్మినవాని పేరు. ధరించినవాడు సొమ్మిచ్చి, ఊరంతయు తిరిగి ఆ పేరును ప్రకటించును. వస్తువు శేషియైనది, మనుష్యుడు దానికి శేషమైనాడు. వర్షము వచ్చినచో తాను తడిసి సంచిని కాపాడు వానిని చూచినపుడు ఎవరికొరకు ఎవరున్నారో తెలియును.

దీనికి విరుద్ధమైన చరిత్ర ఒకటి కలదు. హెర్మెస్ సంస్థ 1984 ప్రాంతమున ఇంగ్లండున పుట్టి ఫ్రాన్సున స్థిరపడిన నటి జేన్ బిర్కిన్ కోరికపై ఒక పెద్ద సంచిని కల్పించి ఆమె పేరే పెట్టినది. ఆమె మొట్టమొదటి సంచిని పటములో పెట్టి పూజింపలేదు. నింపి, క్రుక్కి, కాగితములంటించి, గీతలు పడునంతవరకు నిత్యము వాడినది. 1994లో ఎయిడ్స్ రోగుల సహాయమునకై దానిని ఇచ్చివేసినది. అదే సంచి 2025 జూలైలో పారిస్ వేలమున సుమారు 86 లక్షల యూరోల వెల పలికినది. కొన్నవారి మాట అటుంచి, వాడిన స్త్రీ యెడ అది శేషముగానే యుండెను. వస్తువు పేరుగలది యగుట దోషము కాదు; మనుష్యుని చిత్తము దానికి దాస్యము చేయుటయే దోషము.

ఆ దాస్యము ఎందాక పోవునో శ్యమంతకము కథలోని తరువాయి భాగము తెలుపుచున్నది. దానిని ధరించి వేటకు పోయిన ప్రసేనుడు సింహముచే హతుడయ్యెను. సింహమును జాంబవంతుడు చంపి, మణిని గుహకు కొనిపోయి పసిబిడ్డకు ఆటవస్తువుగా నిచ్చెను. ద్వారకలో సూర్యుని తలపించినది గుహలో గిలక్కాయతో సమానమైనది. స్వామిపై నింద పడినది. కడకు నిదురించుచున్న సత్రాజిత్తును శతధన్వుడు ఆ మణికొరకే చంపెను. మణి మాత్రము చెక్కుచెదరలేదు.

గృహస్థుల యిండ్లలో ఇంతటి ఘాతుకము జరుగకపోవచ్చును. జరుగునది నెమ్మదిగా జరుగును. వియ్యాలవారు అల్లుని చేతిగడియారము ఏ ముద్రదని అడుగుదురు; పిల్ల తండ్రి మరునాడు పొలము కాగితములు తీసికొని వడ్డీవ్యాపారి యింటికి పోవును. తోటివారి బూట్లపై గుర్తును చూచిన బాలుడు తన బూట్లను బల్ల క్రిందికి దాచుకొనును. ఆ బూట్లకు చిరుగు లేదు. పాదమునకు నొప్పి లేదు. నొప్పి యెచ్చట నున్నదో తల్లిదండ్రులు కనిపెట్టవలెను. గుర్తుగల బూట్లు కొనిపెట్టుటతో అది మానదు. ముద్రను చూచి మనుష్యుని గౌరవించు అలవాటు ఆ యింటనే పెద్దలలో నున్నచో, బాలుని మందలించుట వ్యర్థము.

కావున గృహస్థుడు మంచి వస్తువు కొనరాదా? కొనవచ్చును; కొనవలెను. అర్థకామములు ధర్మబద్ధములైనచో పురుషార్థములే. పోచంపల్లి నేతగాడు నూలుపోగులను ముందే లెక్కగట్టి, ముడివేసి, రంగులద్ది, మగ్గముపై పువ్వు కుదురునట్లు నేసిన చీరకు భౌగోళిక గుర్తింపు ముద్ర కలదు. అద్దకపు యంత్రము దించిన అనుకరణ చౌకగా దొరకును. ఎక్కువ వెలయిచ్చి నేతచీర కొనిన యిల్లాలు విలాసమునకు లోబడలేదు; వెండికే వెల యిచ్చినది. ఆ చీర ఊరివారందరును కట్టినచో నేతగాని యింట పొయ్యి వెలుగును. కట్టినవారి సంతోషమునకు లోటు రాదు.

కొనుటకు ముందు గృహస్థుడు తన్ను తాను అడుగవలసినవి రెండు. ఈ ముద్ర ఎవ్వరికిని కనబడకుండ లోపలివైపున నున్నను ఈ వెల నిచ్చునా? పొరుగువానికిని ఇదియే లభించినచో తన సంతోషము తగ్గునా, పెరుగునా? ఈ ప్రశ్నలకు బజారున నిలిచి జవాబు చెప్పుట కష్టము. ఇంటివద్ద, భగవంతుని దీపము ముందు కూర్చున్నపుడు సులభము.

‘బ్రాండు’ అను ఆంగ్లపదమునకు ఒక పాత యర్థము కాల్చి వేసిన గుర్తు. పశువుల మేనిపై యజమానులు వేయు వాతకు ఆ పేరు చెల్లెను. శ్రీవైష్ణవులకు ఈ యర్థము కొత్తది కాదు. పంచసంస్కారములలో మొదటిది తాపము. ఆచార్యుడు కాచిన శంఖచక్రములను శిష్యుని భుజములపై నుంచును. ఆ ముద్ర ‘ఇది నాది’ యని పలుకదు; ‘నేను ఆతని వాడను’ అని పలుకును. వెల లేదు. పేదకును ధనికునకును అదే శంఖము, అదే చక్రము. ఎందరు పొందినను మొదట పొందినవానికి లోటు లేదు. అది ఉత్తరీయము క్రింద కప్పబడి, చూచువారు లేకయే యుండును. పొందినవాడు ఒంటరిగా నున్నపుడు సైతము అది తన భుజముపై నున్నదని యెరుగును. ఎవని సొత్తు తానో ఎరిగినవానికి, తన సొత్తును చూపి లోకముచే గౌరవము పొందవలయునను ఆతురత క్రమముగా సన్నగిల్లును.